ముద్ద, కట్టు, చెరువు నీళ్లు: బంగారుపేట ఇళ్లలో కడుపు కాచుకున్న కథ

బంగారుపేట వైపు తెలుగు ఇళ్లలో ఎవరికైనా ఒంట్లో బాగాలేదని తెలిస్తే చూడటానికి వచ్చినవాళ్లు ముందు అడిగేది జ్వరం గురించి కాదు. "ముద్ద దిగుతా ఉందా?" అని అడుగుతారు. దిగుతోందంటే భయం లేదు. దిగట్లేదంటే వంటింట్లో సొంఠి కొమ్ము కోసం వెతుకులాట మొదలవుతుంది. ఒంటి బాగోగులన్నీ కడుపులోనే తేలతాయని మన పెద్దలు అంత గట్టిగా నమ్మారు.

ఆ నమ్మకం చుట్టూ ఒక ఏడాది పొడుగునా సాగే తిండి పద్ధతి ఉంది. ఎండాకాలానికి ఒకటి, వానలకు ఒకటి, చలికి ఒకటి. అందులో చాలా భాగం ఇప్పటికీ గట్టిగా నిలబడుతుంది. కొంత భాగం పిల్లల ప్రాణాల మీదికి తెచ్చింది. ఇంకొంత భాగం, పెద్దలు ఎంత బాగా చేసినా, మన ఊరి నీళ్లు మారిపోవడంతో పనిచేయకుండా పోయింది. ఈ మూడింటినీ విడదీసి చెప్పుకోకపోతే, బెంగళూరులోనో హొసూరులోనో సముద్రాల అవతలో పెరుగుతున్న మన పిల్లలు అన్నీ కలిపి మూఢనమ్మకం అని పక్కన పెడతారు, లేకపోతే అన్నీ కలిపి అమృతం అని నెత్తిన పెట్టుకుంటారు. రెండూ నష్టమే. అందుకే ఈ వ్యాసం.

ఊరూ, నేలా

ముందు ఊరి సంగతి. బంగారుపేట అనే పేరులో బంగారం ఉన్నా, ఆ పేరు గనుల వల్ల మొదలవలేదు. 1862 నుంచి 1870 దాకా మైసూరుకు చీఫ్ కమిషనరుగా ఉన్న లెవిన్ బెంథమ్ బౌరింగ్ పేరు మీద ఇది బౌరింగ్‌పేట. జనం నోట్లో నలిగి, పక్కనే బంగారు గనులు కూడా ఉండటంతో, బంగారుపేటగా స్థిరపడింది. 1864లో బెంగళూరు, జోలార్‌పేట రైలు దారి ఈ వైపుగా వచ్చింది. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ కోలారు గనుల పనిలో దిగాక, ఇక్కడి నుంచి మారికుప్పం దాకా గనుల రైలు పడింది. దానితో బంగారుపేట జంక్షన్ అయింది.

గనుల్లోకి దిగిన కూలీల్లో ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు, సేలం వైపు నుంచి వచ్చిన తమిళులు. చిత్తూరు వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లూ ఉన్నారు. కానీ కోలారు జిల్లాలో తెలుగు గనులతో వచ్చింది కాదు. ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేట పల్లెల్లో అంతకు చాలా ముందు నుంచే తెలుగు ఇంటి భాష. అప్పటి కోలారు జిల్లా ముద్దేనహళ్లిలో పుట్టిన విశ్వేశ్వరయ్య గారి పూర్వీకులు గిద్దలూరు వైపు మోక్షగుండం నుంచి వచ్చినవాళ్లని వాళ్ల ఇంటిపేరే చెబుతుంది. 1956లో రాష్ట్రాల సరిహద్దులు భాషల ప్రకారం మారినప్పుడు మనం మైసూరు రాష్ట్రంలోనే ఉండిపోయాం. బడిలో కన్నడ, ఇంట్లో తెలుగు, సంతలో రెండూ, గనుల వీధుల్లో తమిళం. మన వంటింటి మాటలు కూడా అట్లాగే కలిసిపోయాయి. ఆకుకూరను సొప్పు అంటాం, ఉలవలు ఉడికించిన నీళ్లను కట్టు అంటాం, వామాకును దొడ్డపత్రె అంటాం.

నేల మెట్ట నేల. ఏడాదికి 700 మిల్లీమీటర్ల పైచిలుకు వాన. అందులో పెద్ద వానలు భాద్రపద, ఆశ్వయుజాల్లో పడతాయి. ఏడాదంతా పారే నది లేదు. నంది కొండల్లో పుట్టిన పాలేరు మన బేతమంగల మీదుగా పోతుంది గానీ, అది వాన పడితే ఏరు, పడకపోతే ఇసుక. కాబట్టి ఈ నేల మీద పండేదే తిండి, ఆ తిండే మందు అయింది. పండింది రాగి.

రాగి నిలబెట్టిన కడుపు

1800లో మైసూరు దేశమంతా తిరిగిన ఫ్రాన్సిస్ బుకానన్ ఈ ప్రాంతపు వ్యవసాయాన్ని ఊరూరా రాసుకుంటూ పోయాడు. రాగిని ఎట్లా విత్తుతారు, ఎట్లా నూరుస్తారు, నేలలో పాతర తీసి ఎట్లా దాస్తారు అన్నది అతని రాతల్లో కనిపిస్తుంది. పాతరలో పోసి మూత మెత్తిన రాగి ఏళ్ల తరబడి పురుగు పట్టకుండా ఉంటుంది. గింజ చిన్నది, పైపొర గట్టిది. వరి బియ్యానికి, జొన్నకు ఆ గుణం లేదు.

ఆ పాతరల విలువ 1876లో తెలిసింది. రెండేళ్లు వానలు తప్పి, 1876 నుంచి 1878 దాకా మైసూరు దేశం ధాతు కరువులో మలమల మాడింది. 1871 జనాభా లెక్కల్లో 50 లక్షలకు పైగా ఉన్న మైసూరు ప్రజలు 1881 లెక్క వచ్చేసరికి 42 లక్షలకు పడిపోయారు. రాగి కూడా అందరినీ కాపాడలేకపోయింది. అయినా పాతర నిండుగా ఉన్న ఇల్లు నిలబడింది, లేని ఇల్లు ఊరొదిలింది. మన ఇళ్లలో ఇప్పటికీ అన్నం గిన్నె ఖాళీ చేసి బోర్లించడానికి మనసొప్పని పెద్దవాళ్లుంటే, ఆ భయం అంత దూరం నుంచి వచ్చింది.

రాగిలో ఏముంది? వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అదే వంద గ్రాముల తెల్లబియ్యంలో పది మిల్లీగ్రాములు కూడా గట్టిగా ఉండదు. పైగా గింజ చిన్నది కాబట్టి పొట్టు తీయడం కుదరదు, పొట్టుతోనే పిండి చేస్తాం. ఆ పొట్టులోని పీచు పేగులను కదిలిస్తుంది. పిండి మెల్లగా అరుగుతుంది, ఆకలి ఆలస్యంగా వేస్తుంది. పొద్దున ముద్ద తిని కయ్యలోకి పోయినవాడికి మధ్యాహ్నం దాకా కడుపు గుర్తురాదనడం ఇందుకే.

చిత్తూరు చుట్టాలు మన ముద్దను చూసి "ఇదేం సంగటి, అన్నం మెతుకే లేదే" అంటారు. వాళ్లు సంగటిలో బియ్యం వేస్తారు. మనది ఉత్త పిండి. మరుగుతున్న నీళ్లలో పిండి కుప్పగా పోసి, కదపకుండా ఉడకనిచ్చి, తర్వాత కర్రతో గట్టిగా కెలికి, తడి చేత్తో ఉండ కట్టాలి. ఉడకని ముద్ద పళ్లకు అంటుకుంటుంది, కడుపు ఉబ్బిస్తుంది. ఉడికిన ముద్ద వేలికి అంటదు. నమలకుండా మింగమనేది అందుకే, జారిపోయేంత మెత్తగా ఉడికిందా లేదా అన్న పరీక్ష అందులోనే ఉంది.

ముద్ద ఒంటరిగా దిగదు. దానికి తోడు చారు కావాలి. ఆకులు, పప్పు ఉడికించి ఆ నీళ్లు వంచి చేసేది బస్సారు. ఆకులు, పప్పు కలిపి ఎనిపి చేసేది మస్సొప్పు. నాలుగైదు రకాల పొలం ఆకులు కలిపితే బెరకె సొప్పు. తోటకూర, గునుగాకు, పొన్నగంటి, చెంచలి, గుంటగలగర, ఏది దొరికితే అది. ఒక్క ఆకే రోజూ తింటే ఆ ఆకు తెచ్చే ఇబ్బంది రోజూ ఉంటుంది. పది రకాలు కలిస్తే ఏదీ మోతాదు మించదు. ఎవరూ పుస్తకంలో రాయకపోయినా బెరకె సొప్పులో ఉన్న తెలివి ఇదే.

ఏడాది చుట్టూ

కాలాన్ని బట్టి తిండి మార్చాలనేది మన ఊరికే పుట్టిన ఆలోచన కాదు. చరక సంహిత సూత్రస్థానంలో ఆరో అధ్యాయం దీని గురించే. చలికాలంలో జఠరాగ్ని బలంగా ఉంటుంది, బరువైన తిండి అరుగుతుంది. వానాకాలంలో అగ్ని మందగిస్తుంది, తేలికగా, వేడిగా, కాస్త పుల్లగా తినాలి. వాగ్భటుడి అష్టాంగహృదయంలోనూ ఋతుచర్య అని ఒక అధ్యాయమే ఉంది. తెలుగు నాట వైద్యులు చేతిలో పట్టుకుని తిరిగిన బసవరాజీయం లాంటి గ్రంథాలు ఈ సంగతుల్ని తెలుగు వివరణతో ఊళ్లకు చేర్చాయి. మైసూరులో ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల 1908లోనే వచ్చింది. కానీ మన ఇళ్లలో అవ్వలకు ఈ పుస్తకాలేవీ తెలియవు. వాళ్లకు తెలిసింది ఏ నెలలో ఏ ఆకు లేస్తుందో, ఏ నెలలో ఏ గింజ ఇంటికొస్తుందో.

ఉగాదికి వేపపూత. పూతను ఎండబెట్టి ఏడాదికి సరిపడా డబ్బాలో దాచి, నేతిలో వేయించి చారులో వేస్తారు. ఎండాకాలం అంతా అంబలి. రాత్రి రాగిపిండిని జావగా కాచి మట్టికుండలో పోసి ఉంచితే తెల్లారేసరికి కాస్త పులుస్తుంది. అందులో మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ, కరివేపాకు. పులియడంతో రాగిలో ఉన్న ఫైటేట్లు కొంత తగ్గుతాయి. అవి తగ్గితే ఇనుము, కాల్షియం ఒంటికి పట్టడం సులువు. అవ్వలు దీన్ని "చలవ" అన్నారు. మాట వేరు, పని ఒకటే.

వానలు పట్టాక వరస మారుతుంది. మిరియాల చారు, జీలకర్ర చారు, దొడ్డపత్రె ఆకును నేతిలో వాడ్చి పెరుగుతో రుబ్బిన పచ్చడి, నల్లేరు లేత కణుపుల పచ్చడి. నల్లేరు దురద పుడుతుందని చేతికి నూనె రాసుకుని ఒలుస్తారు, చింతపండు వేసి ఆ దురద చంపుతారు. కొత్త నీళ్లు కలిసే కాలం కాబట్టి ఈ నెలల్లోనే విరేచనాలు, వాంతులు ఎక్కువ. వానాకాలంలో చల్లటిది, నిలవది తినొద్దనడం వెనక ఉన్న అనుభవం అది. వేడివేడిగా తినాలన్న నియమం క్రిముల పేరు తెలియని రోజుల్లో క్రిముల్ని చంపింది.

కార్తీకంలో ఉసిరి. పొలాల దగ్గర వనభోజనాలు, ఉసిరికాయ పచ్చడి, ఉసిరిని ఎండబెట్టి దాచుకోవడం. మార్గశిరం నాటికి రాగి కోతలు అయిపోతాయి. ఇక చలి. అప్పుడు ఉలవలు. ఉలవలు ఉడికించి కట్టు తీసి, వెల్లుల్లి, మిరియాలు దంచి వేసి కాస్తారు. గింజను పోపు పెట్టుకుంటారు, మిగిలిన తౌడూ పొట్టూ ఎద్దులకు. సంక్రాంతి వైపు అనపకాయలు. రాత్రి నానబెట్టి, పొద్దున ఇల్లంతా చుట్టూ కూర్చుని వేళ్లతో పితికితే వచ్చే పప్పు, అదే పితికిన పప్పు. రుచికి సాటి లేదు, వాయువుకూ సాటి లేదు. అందుకే దాంట్లో అల్లం, వెల్లుల్లి, ఇంగువ తప్పకుండా పడతాయి. చలిలో అగ్ని బలంగా ఉంటుందని చరకుడు చెప్పిన మాట నిజమా కాదా అని తేల్చుకోవాలంటే సంక్రాంతి నెలలో మన వైపు రావాలి.

ఈ వరస మన సంత దాకా కూడా వచ్చింది. ఈ రోజు బెంగళూరులో బంగారుపేట పానీపూరీ అని బోర్డులు కనిపిస్తాయి. అందులో నీళ్లు పచ్చగా ఉండవు, తేటగా మంచినీళ్లలాగే ఉంటాయి, నోట్లో పోసుకుంటేనే ఘాటు తెలుస్తుంది. చూపుకు నీళ్లు, నాలుకకు మిరియాల చారు. ఈ ఊరి నాలుకే అట్లాంటిది అనుకుంటాం.

గనిలో చెమట

గనులు వచ్చాక కడుపు విషయంలో కొత్త ఇబ్బంది ఒకటి వచ్చింది. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల లోతు దాటింది. అంత లోతులో రాతి వేడి 60 డిగ్రీలు దాటుతుంది. గాలి పంపి, చల్లబరచి పని చేయించినా, మనిషి షిఫ్టులో కార్చే చెమట లీటర్లలో ఉంటుంది. చెమటతో నీళ్లే కాదు, ఉప్పూ పోతుంది. పోయిన ఉప్పు ఇవ్వకుండా ఉత్త నీళ్లే తాగితే కండరాలు పట్టేస్తాయి, కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి పుడుతుంది. ఇంగ్లండు బొగ్గు గనుల్లో ఈ సంగతిని కె. నెవిల్ మాస్ అనే శాస్త్రవేత్త 1923లో రుజువు చేశాడు. కూలీల తాగునీళ్లలో కాస్త ఉప్పు కలిపితే పట్లు తగ్గాయి.

మెట్ట పొలంలో ఎండకు పనిచేసే మన రైతు చేతిలో ఆ మందు అప్పటికే ఉంది. ఉప్పు వేసిన మజ్జిగ, ఉప్పు వేసిన అంబలి. అందులో నీళ్లు, ఉప్పు, పిండి మూడూ ఉన్నాయి. ఎండలో పనిచేసేవాడికి అంబలి ఇవ్వడం పేదరికం గుర్తుగా చూసిన రోజులు చాలానే నడిచాయి. గనుల జీతం చేతికొచ్చాక, తర్వాత రేషన్ బియ్యం వచ్చాక, తెల్లన్నం తినడం పరువు అయింది. రాగి తినేవాడు వెనకబడ్డవాడు అయ్యాడు. ఇప్పుడు 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపాక, అదే రాగి పట్నం అంగళ్లలో అందమైన పొట్లంలో నాలుగింతల ధరకు దొరుకుతోంది.

విడిచిపెట్టాల్సినవి

ఇక రెండో భాగం. మన పెద్దల పద్ధతుల్లో అన్నీ మంచివే అనడం వాళ్లకు గౌరవం ఇచ్చినట్టు కాదు.

మొదటిది లంఖణం. లంఖణం పరమౌషధం అని మన సామెత. తిండి ఎక్కువై అరగని పెద్దమనిషికి ఒక పూట పస్తు మంచిదే. కానీ ఈ మాటను విరేచనాలయ్యే పసిబిడ్డకు కూడా పట్టించారు. పాలు ఆపారు, నీళ్లు ఆపారు. నీళ్లు తాగితే మళ్లీ పోతాయి కదా అని లెక్క. బిడ్డ చనిపోయేది విరేచనాలతో కాదు, ఒంట్లో నీళ్లు, ఉప్పు అయిపోవడంతో. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి శరణార్థుల శిబిరంలో, బొన్‌గావ్‌లో, కలరా వచ్చి సెలైన్ సీసాలు చాలకపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్లను తాగించడం మొదలుపెట్టారు. వందలో ముప్పైమంది దాకా చనిపోతున్న చోట ఆ సంఖ్య నాలుగు లోపలికి దిగింది. ఇవాళ మందుల అంగడిలో దొరికే ఓఆర్ఎస్ పొట్లం అదే. పొట్లం లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్లకు ఆరు చెంచాలు చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే చిన్న టీ చెంచా, గోపురం పోయకుండా సమంగా. తల్లిపాలు ఆపకూడదు, తిండి ఆపకూడదు. బిడ్డ మూత్రం తగ్గినా, కళ్లు లోతుకు పోయినా, మలంలో రక్తం కనిపించినా ఆసుపత్రికి పరుగెత్తాలి.

రెండోది వస. పసిపిల్లల నాలుక మీద వసకొమ్ము అరగదీసి నాకించడం మన ఇళ్లన్నిటా ఉంది. మాటలు బాగా వస్తాయని, కడుపు ఉబ్బరం పోతుందని. ఎక్కువ మాట్లాడే పిల్లను వసపిట్ట అనడం దాని నుంచే. కానీ వసలో బీటా అసరోన్ అనే పదార్థం ఉంది. జంతువుల మీద చేసిన పరీక్షల్లో అది హాని చేస్తుందని తేలి, అమెరికా 1968లోనే తిండి పదార్థాల్లో వస వాడకాన్ని నిషేధించింది. పసివాడికి మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప మరేదీ వద్దు. మాటలు వాటంతట అవే వస్తాయి.

మూడోది ఆముదం. నెలకోసారి పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, ముక్కు మూసి ఆముదం తాగించే ఆచారం గురించి చెప్పని పెద్దవాళ్లు లేరు. ఆముదం గట్టి విరేచనకారి, అందులో అనుమానం లేదు. కానీ కడుపునొప్పి ఎందుకొచ్చిందో తెలియకుండా విరేచనం పెట్టడం ప్రమాదం. అపెండిసైటిస్ ఉన్నవాడికి అది ప్రాణాల మీదికే తెస్తుంది.

వీటి పక్కనే ఎంతమాత్రం విడిచిపెట్టకూడనిది ఒకటుంది, మొలకల రాగిపిండి. రాగులు నానబోసి, గుడ్డలో కట్టి మొలకలు రానిచ్చి, ఎండబెట్టి, కాస్త వేయించి పిండి పట్టించేది. ఆరు నెలలు దాటిన బిడ్డకు జావ కాచి ఇస్తారు. మొలకెత్తేటప్పుడు గింజలో పుట్టే అమైలేజ్ అనే ఎంజైము పిండిని విరగ్గొడుతుంది. మామూలు పిండితో జావ కాస్తే గట్టిపడుతుంది, పలుచన చేస్తే అందులో తిండి తక్కువ. మొలకల పిండి ఎక్కువ వేసినా జావ పలుచగానే ఉంటుంది, చిన్న కడుపుకు ఎక్కువ బలం అందుతుంది. మైసూరు సీఎఫ్‌టీఆర్‌ఐలో మల్లేశి, దేశికాచార్ అనే శాస్త్రవేత్తలు 1980ల్లో మొలకల రాగి, పెసలతో పసిపిల్లల ఆహారం తయారు చేసింది ఈ గుణాన్ని పట్టుకునే. అవ్వల గుడ్డమూట నుంచి ప్రయోగశాల దాకా ఇంత సూటిగా నడిచిన దారి మన వంటింట్లో మరొకటి లేదు.

నీళ్లు మారిన కథ

ఇప్పుడు అసలు సంగతి. ఇంత తిండి జాగ్రత్త ఉన్న ఊళ్లలో, కడుపుబ్బరం, మలబద్ధకం, తిన్నది అరక్కపోవడం, వికారం ఇంటింటి మాట ఎందుకయింది?

కోలారు జిల్లా చెరువుల జిల్లా. రెండు వేలకు పైగా చెరువులు, ఒకదాని అలుగు ఇంకొకదాని కడుపు నింపేట్టు గొలుసుకట్టుగా. గనుల బస్తీకి కూడా చాలాకాలం బేతమంగల చెరువు నీళ్లే గొట్టాల్లో వచ్చాయి. ఊళ్లలో చెరువు కింద బావులు, ఆ బావుల్లో వాన నీళ్లే ఊరేవి. పప్పు ఉడకాలంటే ఫలానా బావి నీళ్లే తేవాలి అని ఆడవాళ్లకు తెలుసు. గట్టి నీళ్లలో కందిపప్పు ఎంతసేపు కాచినా బద్దలు బద్దలుగానే ఉంటుంది.

1970ల తర్వాత బోరుబావులు వచ్చాయి. చెరువుల పూడిక తీసేవాళ్లు లేకపోయారు, కాలువలు మూసుకుపోయాయి, చెరువు ఎండింది, బావి ఎండింది, బోరు లోతు పెరిగింది. ఇవాళ వెయ్యి అడుగులు దాటినా నీళ్లు పడని ఊళ్లున్నాయి. లోతు పెరిగేకొద్దీ నీళ్లు గ్రానైటు రాళ్ల మధ్య ఏళ్ల తరబడి నిలిచి, ఆ రాళ్లలోని ఫ్లోరైడును కరిగించుకుని పైకి వస్తాయి. లీటరు తాగునీటిలో 1 మిల్లీగ్రాము ఫ్లోరైడు వరకే ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు అని మన దేశపు ప్రమాణం. మన జిల్లాలో దాన్ని దాటిన బోర్లు ఎన్నో.

ఫ్లోరైడు అంటే పళ్ల మీద గోధుమ రంగు గీతలు, వంగిన కాళ్లు అనే అందరికీ తెలుసు. దేశంలో మొదట ఈ రోగాన్ని గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో. తర్వాత నల్లగొండ పేరు దీనితోనే దేశమంతా తెలిసింది. కానీ ఎముకల దాకా పోకముందే అది కడుపును తాకుతుంది. ఢిల్లీలో దశాబ్దాల పాటు ఫ్లోరోసిస్ మీద పనిచేసిన డాక్టర్ ఎ.కె. సుశీల, ఆమె తోటివాళ్లు చూపించింది ఇదే. ఫ్లోరైడు నీళ్లు తాగేవాళ్లలో వికారం, ఉబ్బరం, మలబద్ధకం, కడుపునొప్పి ఎక్కువ. నీళ్లు మార్చితే చాలామందికి కొద్ది వారాల్లోనే తగ్గుతుంది.

ఈ ఒక్క సంగతి తెలిస్తే మన ఇళ్ల కథ వేరేగా కనిపిస్తుంది. సొంఠి కషాయం కాచింది ఏ నీళ్లతో? అదే బోరు నీళ్లతో. కాచేకొద్దీ ఆవిరి పోతుంది గానీ ఫ్లోరైడు పోదు, మిగిలిన నీళ్లలో ఇంకా చిక్కబడుతుంది. మూడు గ్లాసుల నీళ్లు పోసి ఒక గ్లాసుకు మరిగించిన కషాయంలో ఫ్లోరైడు దాదాపు మూడింతలు. అవ్వలో లోపం లేదు, సొంఠిలో లోపం లేదు. నేల అడుగున మారిన సంగతి ఇంటి మందుకు ఎవరూ చెప్పలేదు.

మన పాత తిండిలో దీనికి కొంత అడ్డు కూడా ఉంది. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 2002లో అచ్చువేసిన పరిశోధనలో బడిపిల్లలకు రోజూ పది గ్రాముల చింతపండు 18 రోజులు ఇచ్చి చూశారు. వాళ్ల మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోయింది. కాల్షియం బాగా ఉన్న తిండి తింటే ఫ్లోరైడు పేగుల్లో ఒంటికి పట్టడం కొంత తగ్గుతుంది. అంటే రాగి ముద్ద, చింతపులుసు బస్సారు, మజ్జిగ. మన చేతిలో ఉన్నవే. కానీ ఇవి తోడు మాత్రమే. చెడ్డ నీళ్లు తాగుతూ చింతపండు మీద భారం వేస్తే పని జరగదు.

ఇప్పుడేం చేయాలి

ఊళ్లో ఇల్లున్నవాళ్లు, ఊళ్లో పెద్దవాళ్లను పెట్టుకున్నవాళ్లు ముందు చేయాల్సింది నీళ్ల పరీక్ష. పళ్లెంలో మార్పులన్నీ దాని తర్వాత. బోరు నీళ్లు ఒక శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టి జిల్లా తాగునీటి పరీక్షశాలలో ఫ్లోరైడు చూపించండి. ఎక్కువుంటే తాగడానికే కాదు, వంటకూ ఆ నీళ్లు వద్దు, ఎందుకంటే ముద్దలో, అన్నంలో, చారులో మనం మింగేదీ ఆ నీళ్లే. ఇప్పుడు చాలా ఊళ్లలో నాణెం వేస్తే బిందె నింపే శుద్ధనీటి కేంద్రాలున్నాయి. అక్కడి నీళ్లనూ ఏడాదికోసారి పరీక్ష చేయించాలి, ఫిల్టరు పాతబడితే పేరుకే శుద్ధి. ఇంటి కప్పు మీద పడే వాన నీళ్లు పట్టుకునే తొట్టి కట్టుకుంటే అంతకన్నా మంచిది లేదు. వాన నీళ్లలో ఫ్లోరైడు దాదాపు ఉండదు. మన పూర్వీకులు తాగిన బావి నీళ్లకు అదే దగ్గరి చుట్టం.

2018 నుంచి బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి కేసీ వ్యాలీ పథకం కింద మన జిల్లా చెరువుల్లో నింపుతున్నారు. ఎండిన చెరువులు నిండాయి, కొన్నిచోట్ల బోర్లలో నీళ్లు పైకి వచ్చాయి. ఆ శుద్ధి చాలదని రైతులు కోర్టుల దాకా వెళ్లారు. ఆ నీళ్లు భూగర్భం నింపడానికి, తాగడానికి కాదు. చెరువు నిండింది కదా అని పాత రోజుల్లాగా దోసిలి పట్టకూడదు. నీళ్లు కంటికి తేటగా కనిపించడం మన ఊళ్లో ఎప్పుడూ సరిపోలేదు.

దూరంగా ఉన్న మన పిల్లలకు మరో మాట. రాగిముద్ద రోజూ తినకపోయినా వారంలో రెండు రోజులు తినండి, ఆకుకూర ఏ దేశంలో దొరికినా రెండు మూడు రకాలు కలిపి వండండి, ఎండలో ఆడి వచ్చిన బిడ్డకు సీసా డ్రింకు బదులు ఉప్పేసిన మజ్జిగ ఇవ్వండి. గర్భిణులు, మూత్రపిండాల జబ్బున్నవాళ్లు, రోజూ మందులు వేసుకునేవాళ్లు ఏ ఇంటివైద్యమైనా డాక్టరుకు చెప్పి చేయండి. రెండు వారాలు దాటిన కడుపు ఇబ్బందిని, బరువు తగ్గడాన్ని, నల్లటి మలాన్ని కషాయంతో కప్పిపెట్టకండి.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. బంగారం పోయాక కూడా ఈ నేల మీద మనుషులు బతుకుతున్నారంటే, నాలుగు వానలకు పండే రాగి, దాన్ని వండటం తెలిసిన చేతులు, ఎక్కడెక్కడో మిగిలిన కొన్ని చెరువులు కారణం. పాతర తీసి గింజ దాచుకున్నవాళ్ల పిల్లలం మనం. ఇప్పుడు దాచుకోవాల్సింది నీళ్లు. తొట్టి కట్టినవాళ్లు, ఊరి చెరువు పూడిక తీయించినవాళ్లు, బోరు నీళ్లు పరీక్ష చేయించినవాళ్లు ఎవరైనా ఉంటే చుట్టాల పెళ్లిలోనో జాతరలోనో నలుగురికీ చెప్పండి. ముద్ద దిగాలంటే ముందు నీళ్లు మంచివి కావాలి.